రాధికకు కారణం ఏది?

ప్రేమ, నేరం, హాస్యం కలిసిన కథల్లో ఒక పాత్ర తప్పు ఎందుకు చేసిందన్నదే అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. 2022 ఫిబ్రవరిలో విడుదలైన విమల్ కృష్ణ చిత్రం 'డీజే టిల్లు' ఆ ప్రశ్నను సగం దూరమే మోయగలిగింది.

రాధిక ఫ్లాట్‌లో శవం చూశాక కూడా టిల్లు పారిపోకపోవడాన్ని నేను నమ్ముతాను. తన మీద తనకే మోజున్న ఆ కుర్రాడు, మనసు పడిన అమ్మాయి ముందు పిరికివాడిలా కనబడడానికి ఒప్పుకోడు. సిద్ధు జొన్నలగడ్డ నడకలో, హైదరాబాద్ యాసలో ఆ డాంబికం మొదటి నుంచీ ఉంది కాబట్టి, శవాన్ని పూడ్చడానికి అతను సిద్ధపడితే మనం నవ్వుతాం తప్ప విస్తుపోము. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఆమె చెప్పినవి అబద్ధాలని తెలిశాక కూడా అతను ఆమె చుట్టూనే ఎందుకు తిరగాలి? ఇరుక్కున్నానన్న భయం కొంతవరకు సమాధానమే. మిగిలినదాన్ని రచన తెలివిగా దాటవేసింది: ప్రేక్షకుడి మనసులో మెదిలే సందేహాన్ని టిల్లు తానే ముందుగా గొణుగుతాడు, హాలు గొల్లుమంటుంది, సందేహం మాత్రం అక్కడే ఉండిపోతుంది.

రాధిక విషయంలో ఆ గొణుగుడు కూడా లేదు. నేహా శెట్టి పోషించిన ఆ పాత్రను మనం దాదాపుగా టిల్లు కళ్లతోనే చూస్తాం. కథకు మలుపు కావలసినప్పుడు ఆమె అబద్ధమాడుతుంది, జాలి కావలసినప్పుడు కన్నీరు పెడుతుంది. ఈ రెంటినీ కలిపే ఆశ గానీ, అవసరం గానీ బలంగా కనబడదు. సోషల్ మీడియాలో 'రాధిక' అన్న పేరు మోసగత్తెకు మారుపేరైపోవడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. కారణాలు తెలియని మనిషికి ముద్ర వేయడం సులువు. (ఆ ముద్ర ఆడవాళ్లకే పడుతుందన్నది వేరే చర్చ.)

మల్లిక్ రామ్ దర్శకత్వంలో 2024లో కొనసాగింపుగా వచ్చిన 'టిల్లు స్క్వేర్' వంద కోట్లు దాటిందని నిర్మాతలు ప్రకటించారు. అందులో అనుపమా పరమేశ్వరన్ పాత్ర కూడా రహస్యంతోనే అడుగుపెడుతుంది, టిల్లు మళ్లీ అదే వలలో పడతాడు. మొదటిసారి అమాయకత్వం అనిపించినది రెండోసారి రచయితల సౌకర్యంలా తోచింది.

మొదటి చిత్రంలో శవమై కనబడిన ప్రియుడు రోహిత్‌తో రాధిక బంధానికి మరికాస్త నిడివి ఇచ్చి, ఆమెకు నిజంగా ఏం కావాలో చెప్పి ఉంటే టిల్లు మాటల్లో కొన్ని చతుర్లు తగ్గేవేమో. ఆ బేరానికి నేనైతే ఒప్పుకునేవాణ్ణి.