ఉత్త చేతులతో తిరిగొచ్చే ధైర్యం ఉంటేనే బెంగళూరు కారు

హిందూపురం, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి సెకండ్ హ్యాండ్ కారు కోసం బెంగళూరు వెళ్లేవాళ్లకు కొదవ లేదు. అక్కడ కోరుకున్న మోడల్ దొరుకుతుంది, బ్రోకర్ లేకుండా నేరుగా ఓనర్ దగ్గరే కొనొచ్చు. అయితే ‘ఇంత దూరం వచ్చి ఊరికే ఎలా పోతాం’ అన్న ఆలోచన మొదలైందంటే బేరం సగం చేజారినట్టే. అందుకే ఇంట్లో కూర్చుని తేల్చుకోగలిగినవన్నీ తేల్చుకున్నాకే టికెట్ తీయాలి.

ముందు ఆర్‌సీ ఫొటో అడగండి. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబర్ కొడితే ఎన్నో ఓనరో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో, ఫైనాన్స్ ఉందో లేదో తెలుస్తుంది. లోన్ తీరిపోయిందని ఓనర్ చెప్పినా ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే లెక్కలోకి రాదు. బ్యాంకు ఎన్‌ఓసీ (బాకీ లేదన్న పత్రం), ఫారం 35 (ఆర్‌సీలోంచి లోన్ తీసేయమనే పత్రం) ఫొటోలు వచ్చేదాకా ఆగండి. సర్వీస్ బిల్లులు కూడా పంపమనండి. ఒక బిల్లులో ఉన్న కిలోమీటర్లు ఆ తర్వాతి బిల్లులో తగ్గాయంటే మీటర్ తిప్పినట్టే.

అసలు ధర తేలేది ట్యాక్స్ దగ్గర. కేఏ నంబర్ బండిని మన రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబర్ తీసుకోవాల్సిందే. అందుకు ఫారం 28తో దరఖాస్తు పెట్టి, బండి వేరే రాష్ట్రానికి పోవడానికి అభ్యంతరం లేదన్న ఎన్‌ఓసీ అక్కడి ఆర్టీఓ నుంచి తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు గానీ, అది ఇక్కడ రిజిస్ట్రేషన్ అయ్యాక మొదలయ్యే పని. ఆ డబ్బు ముందే వచ్చినట్టు లెక్కేసుకుని బేరమాడకండి. ఆ కారుకు ఇక్కడ ఎంత ట్యాక్స్ పడుతుందో కనుక్కుని ఓనర్ చెప్పిన ధరకు కలపండి. మనవైపు అదే మోడల్ ధరతో పోలిస్తే చాలా బేరాలు అక్కడే ఆగిపోతాయి. బెంగళూరులోనే ఉండే తెలుగువాళ్లకు మాత్రం ఈ తలనొప్పి లేదు.

‘కేవలం 40 వేలే తిరిగింది’ అన్న మాటకు బెంగళూరులో విలువ తక్కువ. సగటున గంటకు 20 కిలోమీటర్లతో 40 వేలు తిరిగిన ఇంజిన్ 2,000 గంటలు పనిచేసినట్టు. అదే హైవే మీద సగటున 50తో తిరిగితే 800 గంటలే. సిల్క్ బోర్డు, మారతహళ్లి ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ నడిచిన కారులో ముందు అరిగేది క్లచ్. నాలుగో గేర్‌లో 40 వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, స్పీడు నింపాదిగా పెరిగితే క్లచ్ జారుతోంది.

బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ అయితే ఇంకా జాగ్రత్త. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్‌లో చేరిన మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా వేగంగా నడవాలి. సిటీలో ఆ పని మధ్యలోనే ఆగిపోతుంటుంది. అప్పుడు కాలని డీజిల్ వెళ్లి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ కొలిచే గేజ్ తీసి చూడండి. ఆయిల్ మ్యాక్స్ గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే ఆ కారు వదిలేయండి.

మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే నీలం పొగ వస్తుందో లేదో బయటపడుతుంది. వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. వెయ్యి రూపాయల దరిదాపుల్లో దొరికే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చూపే పరికరం) వెంట ఉంచుకోండి. ఫాల్ట్ కోడ్‌లు ఒక్కటీ లేకున్నా కారు తన భాగాలను తానే పరీక్షించుకుందో లేదో చూపే రెడీనెస్ పేజీలో వరసగా ‘ఇన్‌కంప్లీట్’ అని చూపిస్తే, కోడ్‌లు ఈమధ్యే చెరిపేసి ఉండాలి లేదా బ్యాటరీ తీసి ఉండాలి.

2022 సెప్టెంబర్‌లో బెళ్లందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు, 2023 డిసెంబర్‌లో చెన్నైలో కార్లు నీట మునిగాయి. అలాంటివి కడిగి అమ్మకానికి పెట్టి ఉండొచ్చు, కాబట్టి సీట్ బెల్టును చివరిదాకా లాగండి. పైన ఎంత కడిగినా, లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద గీత మిగిలిపోతుంది. సీటు కింది బోల్టులకు తుప్పు, ఫ్యూజ్ బాక్స్ మూలల్లో సన్నటి మట్టి, కార్పెట్ ఎత్తితే ముక్కిన వాసన కనిపించాయంటే ధర ఎంత తగ్గించినా వద్దు. నీళ్లు తాగిన వైరింగ్ నెలల తర్వాత ఒక్కో చోట ఒక్కోసారి మొరాయిస్తుంది. ఏ మెకానిక్కూ దాన్ని ఒక్క బిల్లుతో తేల్చలేడు.

కారు నచ్చినా ఆ రోజే మొత్తం డబ్బు ఇవ్వకండి. కొద్దిగా టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి, ఆర్టీఓ ఎన్‌ఓసీ రాకపోతే తిరిగిస్తానని ఓనర్ చేత రాయించుకోండి. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. మిగతాది ఆర్‌సీలో పేరున్న మనిషి ఖాతాకే పంపాలి. బండి తీసుకునేటప్పుడు ఓనర్ సంతకాలు పెట్టిన ఫారం 29, 30 (యాజమాన్యం మార్పు పత్రాలు), ఒరిజినల్ ఇన్‌వాయిస్, రెండో తాళం అడిగి తీసుకోండి. ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది, ఆ తేడా మీరు కట్టాల్సి ఉంటుంది.