సవరణ: పాత మంగలి కత్తిలో పగులు

షెఫీల్డ్ (ఇంగ్లండ్), జోలింగెన్ (జర్మనీ) ఊళ్లలో తయారైన పాత మంగలి కత్తులను బాగుచేసుకోవడం గురించి ఇంతకుముందు రాస్తూ, అంచున సన్నని పగులున్నా సానరాయిపై అరగదీసి వాడుకోవచ్చన్నాను, అది తప్పు. ఇలాంటి కత్తులను బాగుచేసేవారు చెప్పేదాన్ని బట్టి, అంచున పడిన చిన్న నొక్కు సానపడితే పోతుంది గాని, పగులు కంటికి కనిపించేదానికన్నా లోతుగా పాకి ఉండవచ్చు కనుక, గడ్డం గీసుకునేటప్పుడు ముక్క విరిగి ముఖం తెగే ప్రమాదం ఉంది. పగిలిన కత్తిని, అది ఎంత అందమైనదైనా, దాచుకోవడానికే ఉంచండి.

తుప్పు గుంటల మాట వేరు: అవి కత్తి వెన్నుమీద (అంచుకు ఎదురుగా ఉండే మందమైన వైపు) ఉంటే ఇబ్బంది లేదు, అంచును చేరితేనే పదును నిలవదు. సెల్యులాయిడ్ (పాతకాలపు ఒక రకం ప్లాస్టిక్) పిడి శిథిలమవుతుంటే మాత్రం దాన్ని కత్తినుంచి వెంటనే విడదీయాలి, ఎందుకంటే దానినుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి మంచి ఉక్కునూ తినేస్తుంది.