సవరణ: వాల్వు మారిస్తే అయిపోదు

గుండె ఆపరేషన్లు చేయడానికి రువాండా రాజధాని కిగాలీకి వెళ్లే అమెరికాలోని బోస్టన్ వాలంటీర్ల బృందం ‘టీమ్ హార్ట్’ గురించి మొన్న రాస్తూ, "సర్జన్లు వెళ్లి వాల్వు మార్చి వస్తారు, రోగి గట్టెక్కినట్టే" అన్నాను. రెండు మాటలూ తప్పే.

సర్జన్లతో పాటు నర్సులు, మత్తు డాక్టర్లు, ఆపరేషన్ జరిగేటప్పుడు గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషిన్ నడిపే పెర్ఫ్యూజనిస్టులూ వెళ్తారు. అక్కడివాళ్లకు పని నేర్పడం కూడా వాళ్ల బాధ్యతే.

ఇక మెకానికల్ (కృత్రిమ) వాల్వు పెడితే, దాని మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి. కావలిలో మా పిన్నికి మైట్రల్ అనే గుండె వాల్వు తీసి అలాంటిదే పెట్టారు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఐఎన్ఆర్ టెస్టు రిపోర్టు రాగానే ఆ అంకె వంటింటి క్యాలెండర్ మీద రాసుకుంటుంది. 2.5కీ 3.5కీ మధ్య ఉంటేనే ఆమెకు నిద్ర. ఆకుకూర ఒక్కసారిగా ఎక్కువ తిన్నా అంకె పడిపోతుంది, అంటే రక్తం త్వరగా గడ్డకడుతుంది. ఆ టెస్టు, ఆ మాత్ర అందుబాటులో లేని ఊళ్లో ఆపరేషన్ ఎంత బాగా జరిగినా ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో రోజూ చూస్తూ కూడా ఇది రాయకపోవడం నా పొరపాటు, మన్నించండి.