శోకానికేనా లాక్‌డౌన్?

చెన్నై అన్నానగర్ వేలంగాడు శ్మశానం దగ్గర 2020 ఏప్రిల్ 19, ఆదివారం రాత్రి ఒక అంబులెన్సు మీద రాళ్లూ ఇటుకలూ పడ్డాయి. లోపల ఉన్నది కరోనాతో కన్నుమూసిన ఒక డాక్టరు భౌతికకాయం. అద్దాలు పగిలాయి. డ్రైవర్లు గాయపడ్డారు. భర్తను సాగనంపడానికి వచ్చిన ఇల్లాలు, తండ్రి మీద పిడికెడు మన్ను వేయడానికి వచ్చిన కొడుకు ప్రాణాలు అరచేత పట్టుకుని వెనుదిరగాల్సి వచ్చింది. లాక్‌డౌన్ మొదలై నాలుగు వారాలైంది. ఈ నాలుగు వారాల్లో ఇంతకన్నా తలవంపులు తెచ్చిన సంగతి మాకు గుర్తు లేదు.

డాక్టర్ సైమన్ హెర్క్యులిస్ పేరున్న న్యూరోసర్జన్. వయసు 55. రోగుల నుంచే వైరస్ సోకి ఉంటుందంటున్నారు. కీల్పాక్ శ్మశానంలో ఖననం చేయబోతే అక్కడ జనం గుమిగూడారని వేలంగాడుకు తీసుకెళ్లారు. అక్కడా వదల్లేదు. తర్వాత ఏం జరిగిందో పాఠకులు టీవీల్లో చూసే ఉన్నారు. ఒక్క దృశ్యం మాత్రం మళ్లీ చెప్పక తప్పదు. నడిరాత్రి దాటాక, అద్దాలు పగిలిన అదే అంబులెన్సును ఆయన స్నేహితుడైన ఎముకల డాక్టరు స్వయంగా నడుపుకుంటూ, ఇద్దరు వార్డుబాయ్‌లను వెంటబెట్టుకుని, పోలీసు కాపలాతో మళ్లీ శ్మశానానికి వెళ్లారు. గొయ్యి తవ్విన జేసీబీ మనిషి అప్పటికే పారిపోయాడు. పూడ్చడానికి ఎవరూ లేరు. ఆపరేషన్లు చేసే డాక్టరు పార పట్టి, అదీ చాలక వట్టి చేతులతో మట్టి లాగి తన మిత్రుణ్ని పూడ్చిపెట్టారు. ప్రార్థన లేదు. సొంత మనిషి ఒక్కరు లేరు.

లాక్‌డౌన్‌లో అంత్యక్రియలకు ఇరవై మందికి మించి చేరకూడదన్నది కేంద్ర హోంశాఖ 2020 మార్చి 24న పెట్టిన నిబంధన. ఏప్రిల్ 15న ఇచ్చిన ఉత్తర్వుల్లోనూ దాన్నే ఖాయం చేశారు. ఆ రాత్రి శ్మశానానికి వచ్చిన శోకతప్తులు ఆ లెక్క దాటలేదు. అడ్డుకున్న గుంపులో యాభై మందికి పైగా ఉన్నారని వార్తలు వచ్చాయి. చనిపోయిన మనిషికి దండం పెట్టుకోవడానికి ఇరవై మందే రావాలి, తరిమికొట్టడానికైతే ఎంతమందైనా రావచ్చునా? మేం అడుగుతున్నది ఈ ఒక్క ప్రశ్నే. జవాబు దొరికేదాకా అడుగుతూనే ఉంటాం.

జనానికి భయం ఉంది, కాదనం. కొత్త రోగం, మందు లేదు, ఇంటి పక్క శ్మశానంలో పూడిస్తే నీళ్లలో కలుస్తుందేమో, గాలిలో వస్తుందేమో అన్న బెదురు ఎవరికైనా ఉంటుంది. కానీ భయపడ్డవాడు తలుపేసుకుని ఇంట్లో కూర్చుంటాడు. రాళ్లు ఏరుకుని రాత్రివేళ వీధిలోకి రాడు.

పైగా ఆ భయానికి ఆధారమూ లేదు. కేంద్ర ఆరోగ్యశాఖ మార్చి 15నే కొవిడ్ మృతదేహాల విషయంలో ఏం చేయాలో స్పష్టంగా రాసి ఇచ్చింది. శవాన్ని లీకు కాని సంచిలో పెట్టి, పైన ఒక శాతం హైపోక్లోరైట్ ద్రావణంతో తుడిచాక దాని వల్ల తీసుకెళ్లే సిబ్బందికి గానీ శ్మశాన సిబ్బందికి గానీ అదనపు ముప్పు లేదని చెప్పింది. సంచి జిప్పు తీసి ముఖం చూపించవచ్చంది. తాకకుండా మంత్రం చదువుకోవచ్చు, తీర్థం చల్లుకోవచ్చు. స్నానం చేయించడం, కౌగిలించుకోవడం, ముద్దు పెట్టుకోవడం కూడదు. అస్థికలు తెచ్చుకోవచ్చు, బూడిదతో ఏ ప్రమాదమూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా శవం నుంచి ఈ జబ్బు ఎవరికైనా అంటుకున్నట్టు ఇంతవరకూ దాఖలా లేదని మార్చిలోనే తేల్చింది. అంటే ఆ రాత్రి వేలంగాడులో ముప్పు శవపేటికలో లేదు. మాస్కు లేకుండా భుజం భుజం రాసుకుని కేకలు వేస్తున్న గుంపులో ఉంది. ఈ మాట వార్డు స్థాయి అధికారి దాకా ఎందుకు చేరలేదు? గొయ్యి తవ్వే ముందు చుట్టుపక్కల వీధుల్లో మైకు పట్టుకుని ఎవరూ ఎందుకు చెప్పలేదు?

ఈ ఇరవై మంది నిబంధన మన ఇళ్లలో ఎలా అమలవుతోందో ఒక్కసారి చూడండి. పెళ్లికి పిలిస్తేనే వెళ్లాలి, చావుకు పిలవకపోయినా వెళ్లాలి అన్నది మనకు పెద్దలు నేర్పిన మర్యాద. పదేళ్లుగా మాటల్లేని దాయాది కూడా చావు కబురు తెలిస్తే వచ్చి వాకిట్లో నిలబడతాడు. అలాంటి ఊళ్లలో ఈ లాక్‌డౌన్‌లో ఎవరింట చావు జరిగినా ముందుగా కాగితం తీసుకుని ఇరవై పేర్లు రాసుకుంటున్నారు. పాడె మోసే నలుగురు, పురోహితుడు, నిప్పుకుండ పట్టే కొడుకు. ఇక మిగిలినవాళ్లలో ఎవరిని ఉంచాలి, ఎవరిని కొట్టేయాలి? పెద్దల్లుడి పేరు ఉంచి చిన్నల్లుడికి ఫోన్ చేసి ‘బాబూ, నువ్వు రాకు’ అని చెప్పుకోవాల్సి వస్తోంది. పుట్టింటివాళ్లు రాకుండానే ఆడకూతురికి చేయాల్సినవన్నీ జరిగిపోతున్నాయి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు పోలీసు పాసు కోసం తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం ఫొటో వాట్సాప్‌లో పంపి, రెండు రాష్ట్రాల సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర కారు ఆపి నిలబడితే, ఇక్కడ ఫ్రీజర్ బాక్సు అద్దె గంట గంటకూ పెరుగుతోంది. గల్ఫ్‌లో ఉన్నవాడికైతే ఆ దారి కూడా లేదు. అంతర్జాతీయ విమానాలు మార్చి 22 నుంచే ఆగిపోయాయి. లేబర్ క్యాంపు మంచం మీద కూర్చుని ఫోన్‌లో తల్లి చితి చూసుకోవాలి. దింపుడు కళ్లం దగ్గర చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాల్సిన కొడుకు ఫోన్ స్పీకర్‌లోంచి పిలుస్తున్నాడు. పెద్దకర్మ భోజనాల్లేవు, పరామర్శలు లేవు. చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగు పంపే అన్నం క్యారేజీ కూడా గుమ్మం బయటే పెట్టి వెళ్లిపోతున్నారు.

ముస్లింల ఇళ్లలో జనాజాకు బస్తీ అంతా కదలడం ఆనవాయితీ. ఇప్పుడు ఇంటివాళ్లే నమాజు చదివి ఖబరస్తాన్‌కు తీసుకెళుతున్నారు. చర్చిల్లో సంస్మరణ కూడికలు ఆగిపోయాయి.

వీళ్లెవరూ రోడ్డెక్కలేదు. రాయి విసరలేదు. ఏడుపు దిగమింగుకుని ప్రభుత్వం చెప్పింది చెప్పినట్టు చేశారు. దేశంలో లాక్‌డౌన్‌ను తు.చ. తప్పకుండా పాటించినవాళ్లు ఎవరైనా ఉన్నారంటే అది చావు జరిగిన ఇళ్లవాళ్లే.

మరి మిగతావాళ్ల సంగతి? ఏప్రిల్ 17న కర్ణాటకలో రామనగర దగ్గరి ఫామ్‌హౌస్‌లో మాజీ ముఖ్యమంత్రి కుమారస్వామి కొడుకు పెళ్లి జరిగింది. ఫొటోల్లో మాస్కులు పెద్దగా కనిపించలేదు, మనిషికీ మనిషికీ మధ్య దూరం అసలే కనిపించలేదు. నిరాడంబరంగా చేసుకున్నారు, ఇక చర్చ అనవసరమని అప్పటి ముఖ్యమంత్రి యడియూరప్ప తేల్చేశారు. అనుమతులు తీసుకున్నామని పెళ్లివారు అంటున్నారు, తీసుకునే ఉండొచ్చు. అంతకు ముందు రోజే కలబురగి జిల్లా చిత్తాపూర్ తాలూకాలో వందల మంది చేరి రథం లాగారు. దేశంలో తొలి కరోనా మరణం నమోదైన జిల్లా అదే. ఇక మన రెండు రాష్ట్రాల్లో బియ్యం, కూరగాయల పంపిణీ పేరుతో నాయకులు చుట్టూ జనాన్ని పోగేసుకుని ఫొటోలు దిగని రోజు లేదు. సంచి ఒకటి, పట్టుకున్న చేతులు పది. ఆ చేతుల్లో ఒక్కదాని మీదైనా కేసు పెట్టారా? పాలపాకెట్ కోసం బండి తీసిన కుర్రాడి వీపు మీద లాఠీ విరిగిందే తప్ప, ఆ ఫొటోలకు అడ్డొచ్చిన కానిస్టేబుల్ ఎక్కడా కనిపించలేదు.

వేడుకకు గుంపు కావచ్చు, ప్రచారానికి గుంపు కావచ్చు, చివరికి శవాన్ని తరమడానికీ గుంపు కావచ్చు. ఏడవడానికి మాత్రం ఇరవై మందే.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ తండ్రి సోమవారం ఢిల్లీ ఎయిమ్స్‌లో కన్నుమూశారు. కబురు అందేసరికి ఆయన కరోనా సమీక్షలో ఉన్నారట. లాక్‌డౌన్ దృష్ట్యా మంగళవారం జరిగే అంత్యక్రియలకు వెళ్లడం లేదని, తల్లి, బంధువులు కూడా వీలైనంత తక్కువ మందితో కానివ్వాలని కోరారు. ఆయన రాజకీయాలతో ఈ పత్రికకు పేచీలున్నాయి, ఉంటాయి. ఈ విషయంలో మాత్రం ఆయన చేసింది సరైన పని. హెలికాప్టర్ ఎక్కి వెళ్లినా అడిగేవాడు ఉండడు. వెళ్లలేదు. కొడుకు పెళ్లి పదిమందితో చేసుకోలేని నాయకులూ, అన్నం సంచి పంచుతూ కెమెరా వదలని నాయకులూ దీన్ని చూసి బుద్ధి తెచ్చుకోవాలి.

చెన్నై సంగతి ఒక్కటే అయితే ఆ ఊరి పోలీసుల చేతగానితనం అని సరిపెట్టుకునేవాళ్లం. కానీ వారం తిరక్కుండా ఇది మూడోది. మన నెల్లూరు డాక్టరు ఒకరు చికిత్స కోసం చెన్నై వెళ్లి అక్కడే చనిపోతే, ఏప్రిల్ 13న అంబత్తూరు శ్మశానంలో దహనం చేయనివ్వలేదు. భౌతికకాయాన్ని ఆసుపత్రికి తిరిగి తెచ్చి, తర్వాత మరోచోట కానిచ్చారు. ఊరుకాని ఊళ్లో ఆ కుటుంబం పడ్డ అవస్థకు అప్పుడే అధికారులు మేల్కొని ఉంటే ఆదివారం ఈ ఘోరం జరిగేది కాదు. 15న షిల్లాంగ్‌లో బెథనీ ఆసుపత్రి స్థాపించిన డాక్టరు పోతే ఆయనకూ ఒక రోజుకు పైగా చోటు దొరకలేదు. ముగ్గురూ వైద్యులే. మొదటిసారి గుంపు మాట నెగ్గింది. కాబట్టే రెండోసారి, మూడోసారి గుంపులు లేచాయి. ఒక్క శ్మశానం గేటు దగ్గర ప్రభుత్వం వెనక్కి తగ్గితే ఆ కబురు ఒక్క రాత్రిలో ఫోన్లలో వంద ఊళ్లకు పాకుతుంది. రేపు మన ఊరి చివర కాటికాపరి ఇంటికి కూడా ఇలాగే పదిమంది వెళ్లి ‘గేటు తీశావో చూడు’ అంటారు. ఎల్లుండి కరోనా కాని శవాన్ని కూడా రిపోర్టు చూపించమని ఆపుతారు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. చనిపోతే ఆరడుగుల నేల కూడా దక్కదని తెలిశాక, జ్వరం వచ్చినవాడు పరీక్షకు వస్తాడా? దగ్గు దాచుకుంటాడు, ఇంట్లోవాళ్లకు అంటిస్తాడు, ఊపిరి అందని స్థితిలో ఆఖరి గంటలో ఆసుపత్రికి వస్తాడు. చనిపోతే గుండెపోటని చెప్పి చుట్టాలందరూ కలిసి స్నానం చేయించి మోసుకెళతారు. వైరస్‌కు ఇంతకన్నా కావాల్సిందేముంది?

విజయకాంత్ తన ఇంజినీరింగ్ కాలేజీ స్థలంలో కొంత కరోనా మృతుల ఖననానికి ఇస్తానన్నారు. ఆయన పెద్దమనసుకు నమస్కారం. కానీ అంత పెద్ద నగరంలో ఒక నటుడు సొంత జాగా ఇస్తే తప్ప డాక్టరుకు గొయ్యి దొరకదన్న పరిస్థితి తెచ్చినవాళ్లు తల ఎక్కడ పెట్టుకోవాలి?

మద్రాస్ హైకోర్టు సోమవారమే తనంత తానుగా ఈ విషయాన్ని చేపట్టింది. గౌరవంగా మట్టిలో కలిసే హక్కు కూడా జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణలో భాగమేనని చెప్పింది. చెన్నై పోలీసులు ఇరవై మంది దాకా అరెస్టు చేశారు. చాలదు. అంత్యక్రియలకు భంగం కలిగించడం అప్పట్లో అమల్లో ఉన్న ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 297 సెక్షన్ కింద నేరం. అంటువ్యాధి వేళ గుంపుగా చేరడం వేరే నేరం. అంబులెన్సు సిబ్బందిని కొట్టడం మరో నేరం. బెయిలు మీద వచ్చి దండలు వేయించుకునేలా కాక, శిక్ష పడేదాకా ఈ కేసు నడవాలి. తమిళనాడులో అప్పటి ఎడపాడి పళనిస్వామి ప్రభుత్వానికే కాదు, అమరావతికీ హైదరాబాద్‌కూ కూడా ఇదే చెబుతున్నాం. మన దగ్గర ఇలాంటిది జరిగాక విచారం ప్రకటించడం కాదు, జరగకముందే ప్రతి పురపాలక సంఘంలో, ప్రతి మండలంలో ఏ శ్మశానమో, బాధ్యుడైన అధికారి ఎవరో తేల్చి పెట్టండి. శవం వెంట పోలీసు బండి వెళ్లాలి. ఇంటివాళ్లు ఆ ఇరవై మందిలో ఉండాలి, కవచదుస్తులు ఇచ్చి ఐదుగురినైనా గొయ్యి దాకా రానివ్వాలి. ఇరవై మంది నిబంధన సడలించమని మేం అడగడం లేదు. అది ఉండాల్సిందే. దాన్ని ఏడ్చేవాళ్లకొక్కరికే కాక అందరికీ వర్తింపజేయమంటున్నాం.

ఏప్రిల్ 22 రాత్రి 9 గంటలకు డాక్టర్లు తెల్లకోట్లు వేసుకుని కొవ్వొత్తులు వెలిగించి నిరసన తెలపాలని భారత వైద్యుల సంఘం ఐఎంఏ పిలుపునిచ్చింది. అంతకు ముందు ఏప్రిల్ 5న, ఇదే 9 గంటలకు మనమందరం దీపాలు పెట్టాం. మార్చి 22న సాయంత్రం 5 గంటలకు గుమ్మాల్లోకి వచ్చి వాళ్ల కోసం చప్పట్లు కొట్టాం, కంచాలు మోగించాం. ఆ సాయంత్రం వేలంగాడు వీధుల్లోనూ కంచాలు మోగే ఉంటాయి.

ఆ గుంపులో నిలబడ్డవాళ్లకూ, అలాంటి గుంపు తమ ఊళ్లో కట్టాలని చూస్తున్నవాళ్లకూ ఒకటే చెబుతున్నాం. ఆదివారం రాత్రి ఆ గొయ్యి దగ్గర ఇరవై మంది నిలబడటానికి చట్టం ఒప్పుకుంది. ఒక డాక్టరు, ఇద్దరు వార్డుబాయ్‌లు మిగిలారు. భార్య నిలబడాల్సిన చోటు, కొడుకు నిలబడాల్సిన చోటు ఖాళీ చేయించింది కరోనా కాదు, మీరు.