షోరూంకి వెళ్లేవాడు పిచ్చోడు కాదు, ఆ మెసేజ్ నమ్మేవాడి సంగతి చూద్దాం

ఈ నెలలో ఇది నాలుగోసారి. మొదట అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. తర్వాత పదో తరగతి బ్యాచ్ గ్రూపులో. ఆ తర్వాత ఆఫీసులో పక్క సీటాయన పంపాడు. నిన్న రాత్రి పదకొండింటికి మా బావమరిది పంపాడు, కింద "బావా, ఇది నిజమేనా? చిన్నోడికి బండి చూస్తున్నాం" అని రాసి. మిగతా వాళ్ళని వదిలేశాను గానీ వీడిని వదలలేను. వీడు నిజంగానే కొనేస్తాడు.

మెసేజ్ పేరు "షోరూంలో కొత్త బండి కొనేవాడు పిచ్చోడు: ముప్పై ఏళ్ల మెకానిక్ చెప్పిన 8 నిజాలు". కొత్త బైకు వద్దు, సెకండ్ హ్యాండే కొనుక్కోమని దాని సారాంశం. ఆ మెకానిక్ ఎవరో, షాపు ఏ ఊళ్ళోనో ఎక్కడా లేదు. చివర మాత్రం "పది మందికి షేర్ చేసి ఒక కుటుంబాన్ని అప్పుల నుంచి కాపాడండి" అని ఉంది. సరే, నేనూ ఒక కుటుంబాన్ని కాపాడదామనే కూర్చున్నాను.

మొదటి నిజం: బండి షోరూం గేటు దాటగానే సగం రేటు పడిపోతుంది. ఏ గేటు బాబూ అది? ఇన్సూరెన్స్ వాళ్ళు బండి విలువ కట్టడానికి ఒక లెక్క వాడతారు. ఆరు నెలల లోపు బండికి తీసేసేది 5 శాతం. ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. సగం పడాలంటే నాలుగేళ్లు దాటాలి. బజార్లో స్ప్లెండర్ లాంటి వాటికి అంత కూడా పడదు. గేటు దాటగానే పోయేది వేరే ఉంది. లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, ఇంకా దేనికో ఎవరికీ తెలియని ఆ "హ్యాండ్లింగ్ ఛార్జీలు". అవి బండి ధరలోవి కావు కాబట్టి అమ్మేటప్పుడు తిరిగి రావు. ఆ మాట చెప్పి ఉంటే ఒప్పుకునేవాడిని.

పైగా మెసేజ్‌లో వేసిన కొత్త బళ్ళ రేట్లు పాతవి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంతకు ముందు ఎక్స్‌షోరూం 80 వేలున్న బండి మీద దాదాపు 6,250 తగ్గినట్టు. సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్ళలో కొంతమంది ఇంకా జీఎస్టీ తగ్గకముందు కొత్త బండి రేటు చూపించి బేరమాడుతున్నారు. ఫార్వర్డ్ చేసేవాళ్ళకి అదంతా చూసే తీరిక ఎక్కడిది?

రెండోది: కొత్త బండిని మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా నడపాలి, అందుకని వద్దు. పెళ్లైన కొత్తలో అత్తారింట్లో ఒద్దికగా ఉండాలి కాబట్టి పెళ్లే మానుకోమన్నట్టుంది.

మూడోది: పాత బండి ఇనుము, కొత్త బండి ప్లాస్టిక్. ఇనుమే కావాలంటే పాత సామాన్ల దుకాణంలో కిలోల్లెక్కన దొరుకుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది), ఆ లోపు వాటికి కనీసం సీబీఎస్ (ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకీ పడేది) తప్పనిసరి అయింది. వర్షంలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో అడ్డం తిరిగినప్పుడు బ్రేకు పనికొస్తుందా, ఇనుమా?

ఇక ఎనిమిదోదాన్ని ఇక్కడే పట్టుకుంటాను, నాకు ఓపిక ఉండగానే. ఈ రాత రాయడానికి అసలు కారణం అదే. మెసేజ్‌లో మాటలు ఇవి: "పేరు మార్పిడికి ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. అమ్మినవాడి సంతకాలతో 29, 30 ఫారాలు తీసుకుని సీటు కింద పెట్టుకోండి. ఎవరూ అడగరు. మళ్ళీ అమ్మేటప్పుడు అవే ఇచ్చేయండి. ఖర్చు మిగులుతుంది."

ఈ ఘనకార్యం నేనే చేశాను. 2019లో, అమ్మినవాడిగా. బళ్ళు కొని అమ్మే ఒకాయన 22 వేలు చేతిలో పెట్టి నాలుగు చోట్ల సంతకాలు పెట్టించుకున్నాడు. కొనేవాడి పేరు ఖాళీ, తేదీ ఖాళీ. "పార్టీ దొరగ్గానే ట్రాన్స్‌ఫర్ చేయించేస్తా సార్" అన్నాడు. పార్టీ దొరికింది గానీ ట్రాన్స్‌ఫర్ జరగలేదు. ఆరు నెలలకి నా ఫోన్‌కి చలానా వచ్చింది, హెల్మెట్ లేదని. ఆ తర్వాత ట్రిపుల్ రైడింగ్. ఫొటో తెరిచి చూస్తే ముగ్గురు కుర్రాళ్ళు. మధ్యలోవాడు కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు. ట్యాంకు మీద మా ఆవిడ అంటించిన వెంకన్న బొమ్మ చెక్కు చెదరలేదు. కింద నా నంబరు.

చలానాలు తొమ్మిది కట్టాను. పదోది రాలేదు, స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. "మీ బండి ఒక పెద్దాయన్ని గుద్దింది, రండి." ఆ టైముకి నేను ఆఫీసులో ఉన్నాను. అయినా సి బుక్‌లో పేరు నాదే. ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది. ఆయనకి మడమ బెణికి ఆగింది కాబట్టి ఇప్పుడిలా తేలిగ్గా రాస్తున్నాను. ఆసుపత్రి ఖర్చు నేనూ, ఆ కుర్రాడి నాన్నా చెరి సగం పెట్టుకున్నాం. నా దగ్గర బండి కొన్న ఆ వ్యాపారి మాత్రం ఫోన్ ఎత్తలేదు. ఫారాలు ఎక్కడున్నాయో ఇప్పటికీ తెలీదు. బహుశా సీటు కిందే ఉంటాయి.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేయాలి. కొన్నవాడు 30 రోజుల్లో తెలియజేయాలి. 2018లో సుప్రీంకోర్టు ముందుకి ఇలాంటి కేసే వచ్చింది. ఒక కారు ఒకరి నుంచి ఒకరికి అలా చేతులు మారుతూ పోయింది. రికార్డులో మాత్రం మొదటాయన పేరే ఉండిపోయింది. ప్రమాదం జరిగాక "నేను ఎప్పుడో అమ్మేశాను మహాప్రభో" అన్నా కుదరలేదు. రిజిస్టర్లో పేరున్నవాడే యజమాని, పరిహారం ఆయనదే అని కోర్టు తేల్చింది.

అయితే అమ్మినవాడికి కదా నష్టం, కొనేవాడికేంటి అంటావా బావమరిదీ? అక్కడికే వస్తున్నా. బండి పోయిందనుకో. స్టేషన్‌కి వెళ్తే మొదటి ప్రశ్న "బండి ఎవరి పేరు మీద ఉంది?" సొంత నష్టానికి ఇచ్చే ఇన్సూరెన్స్ పేరు మార్చుకోకపోతే నీకు రాదు. యజమాని నడుపుతూ చనిపోతే కుటుంబానికి వచ్చే 15 లక్షల కవర్ కూడా సి బుక్‌లో ఉన్న యజమానికే. ఏడాది తర్వాత ఆ అమ్మినాయన కాలం చేశాడనుకో, ఆయన సంతకం ఉన్న కాగితంతో ఏం చేస్తావు? వారసుల చుట్టూ తిరగాలి. ముందు వాళ్ళ పేరు మీదకి మారాలి, దానికి 31వ ఫారం వేరే ఉంది. అంతా చేసి మిగిలేది ఎంత? ట్రాన్స్‌ఫర్ ఫీజు, ఒక పూట సెలవు. "ఎవరూ అడగరు" అన్నాడే, కరెక్టే. ఏదైనా జరిగేదాకా ఎవరూ అడగరు.

ఓపిక అయిపోయింది. మిగిలినవి తొందరగా కానిద్దాం.

నాలుగోది: రీడింగ్ 20 వేల లోపుంటే కొత్త బండి కిందే లెక్క. మీటర్ కేబుల్ పీకి తిరిగితే రీడింగ్ పెరగదని ఐదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. పోయినేడాది గవర్నర్‌పేటలో ఒక బండి చూశాను. 2019 మోడల్, రీడింగ్ 9,400. "డాక్టర్ గారి బండి సార్, ఇంటి నుంచి క్లినిక్కి, క్లినిక్ నుంచి ఇంటికి" అన్నాడు. వెనక టైరు పక్కన కూర్చుని చూశాను. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ముందు టైరు మీద 2219. వెనక టైరు మీద 1123, అంటే 2023లో పదకొండో వారం. తొమ్మిది వేల కిలోమీటర్లకే వెనక టైరు మార్చారంటే ఆ డాక్టర్ గారు క్లినిక్కి రోజూ మేకుల మీదుగా వెళ్లి ఉండాలి. కిక్ రాడ్ రబ్బరు అరిగి ఇనుము కనిపిస్తోంది. బ్రేకు పెడల్ నున్నగా మెరుస్తోంది. ఇంజన్ మీద చెయ్యి పెడితే వేడి. నేను వస్తున్నానని తెలిసి ముందే స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. చల్లటి ఇంజన్ మొదటిసారి లేచేటప్పుడే నీలం పొగా, టపటప చప్పుడూ బయటపడతాయి. వేడెక్కాక అన్ని బళ్ళూ బుద్ధిమంతులే.

ఐదోది: పాత బండికి లైఫ్ టాక్స్ మళ్ళీ కట్టక్కర్లేదు. అదే రాష్ట్రంలో అయితే నిజం. కానీ మనవాళ్ళు హైదరాబాద్‌లో చవగ్గా దొరికిందని టీఎస్ బండి తెచ్చుకుని విజయవాడలో తిప్పుతుంటారు. పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. దానికి అక్కడి నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ బండి వయసును బట్టి మళ్ళీ టాక్స్. చవక కాస్తా అక్కడే తీరిపోతుంది.

ఆరోది: పాత బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చాలు. నీ బండి ఎవరినైనా గుద్దితే వాళ్ళకిచ్చేది అది. బండి పోతే నీకు రూపాయి రాదు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండితో పాటు ఐదేళ్ల థర్డ్ పార్టీ వస్తోంది. "ఇంకా రెండేళ్లు ఇన్సూరెన్స్ ఉంది సార్" అన్నప్పుడు ఆ ఉన్నది చాలాసార్లు అదొక్కటే. కాగితం తీసి చదువు.

ఏడోది: కొత్త బళ్ళ సెన్సార్లు మన వీధి మెకానిక్ బాగుచేయలేడు. ఇది... నిజమే. ఇష్టం లేకపోయినా ఒప్పుకుంటున్నాను. ఈ ఒక్క వాక్యం రాసినవాడు నిజంగానే మెకానిక్ అయ్యుండొచ్చు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని బళ్ళకీ కార్బొరేటర్ పోయి సెన్సార్లతో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. మా వీధిలో షేక్ భాయ్ కార్బొరేటర్ విప్పి, పెట్రోల్‌లో కడిగి, నోటితో ఊది పెడితే బండి కిక్కుకే లేచేది, నూట యాభై తీసుకునేవాడు. ఇప్పుడదే భాయ్ ఇంజన్ లైటు వెలిగిన బండి చూసి "షోరూంకే తీసుకెళ్లండి సార్" అంటున్నాడు. నాకే బాధేసింది. కాకపోతే పాత కార్బొరేటర్ బండికి ఇంకో చిక్కుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత బళ్ళలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు ముందుగా మార్చాల్సి రావచ్చని ప్రభుత్వమే చెప్పింది. కొనేటప్పుడు ఆ ఖర్చు కూడా వేసుకో.

ఇంత తిట్టాను కదా అని నేను కొత్తదే కొనమంటున్నానని అనుకోకు. చిన్నోడికి పద్దెనిమిది నిండి మూడు నెలలైంది. కాలేజీ పార్కింగ్‌లో కనీసం రెండుసార్లు పడేస్తాడు, నువ్వూ పడేశావు, నేను చూశాను. ఈఎంఐ కడుతున్న బండికి ఇండికేటర్ పగిలితే వాడికంటే నీకే టెన్షన్. వాడికి సెకండ్ హ్యాండే సరైనది. 2020 తర్వాతది, ఏపీ నంబరుది, ఒకే చేతి బండి చూడు. సి బుక్‌లో ఫైనాన్స్ పేరుంటే వాళ్ళ ఎన్‌వోసీ, అప్పు తీరిందని చెప్పే 35వ ఫారం చేతికొచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకు. చలానాలు ఎన్నున్నాయో నంబరు కొట్టి చూసుకో. డబ్బులో ఐదు వేలు ఆపుకుని, పేరు మారాకే ఇస్తానని చెప్పు. దానికి ఒప్పుకోనివాడి దగ్గర కూర్చుని టీ కూడా తాగకు.

ఆదివారం పొద్దున్నే ఏడింటికల్లా వస్తాను. నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని అమ్మే ఆయనకి ముందే చెప్పు.