సేమ్ టు సేమ్ గారికి, కోఠి వయా మా ఇంటి హాలు

మహారాజశ్రీ సేమ్ టు సేమ్ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఇక్కడ కుశలం లేదు. అక్కడ మీరు నిక్షేపంగా ఉన్నారని మాత్రం కళ్లారా చూశాను. నిన్న మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి సాయంత్రం ఐదింటి దాకా కోఠి గుజరాతీ గల్లీలో నేను ఎక్కిన ప్రతి కొట్టు మెట్టు మీదా, కొట్టువాళ్ల నోటి మాటగా మీరే ఎదురొచ్చారు.

మన పరిచయం ఇవాళ్టిది కాదు. కుక్కర్ గ్యాస్కెట్ విషయంలో మిమ్మల్ని నమ్మి మూడు రోజులు విజిల్ రాని పప్పు తిన్నాం. మిక్సీ జార్ మూత విషయంలో మిమ్మల్ని నమ్మి వంటింటి గోడకి అల్లం చట్నీ పూసుకున్నాం. మీరు ఇప్పించిన ఫ్యాన్ రెగ్యులేటర్‌లో ఒకటికీ అయిదుకీ ఒకే స్పీడు. అయినా ఊరుకున్నాను. యాభై రూపాయల వస్తువుకి పోట్లాట ఎందుకులే అని. ఈసారి మీరు చెయ్యి పెట్టింది మా నాన్నగారి స్పీకర్ల మీద.

మీరు రాకముందు మా భాషలో ఆ పని చేసే మాటే లేదనుకోకండి. 'అచ్చం' అని ఒకటుండేది. దాన్ని పొదుపుగా వాడేవాళ్లం. అచ్చం తాత ముక్కే అని ఒప్పుకోవాలంటే నలుగురు పెద్దవాళ్లు పసివాణ్ణి వెలుతురులోకి ఎత్తుకెళ్లి, అటు తిప్పి ఇటు తిప్పి చూసేవాళ్లు. మీరు వచ్చాక చూసే పని తప్పింది. అనడమే మిగిలింది.

విషయానికి వస్తాను. 1986లో డీఏ ఎరియర్స్ వచ్చిన నెలలో నాన్నగారు కొన్న జత అది. టేకు వెనీరు వేసిన, గాలి చొరకుండా మూసేసిన మూత బాక్సులు, ఒక్కోదాంట్లో కింది స్వరాలకి ఎనిమిదంగుళాల ఊఫరు, పైన కీచు స్వరాలకి బుల్లి ట్వీటరు. ఊఫరులో ముందుకీ వెనక్కీ ఊగే గిన్నెలాంటి కోను చుట్టూ ఫోమ్ పట్టీ ఉంటుంది కదా, దాని ఆయుష్షు మహా అయితే పదిహేను ఇరవయ్యేళ్లు. గాలిలో తేమే దాన్ని తినేస్తుంది. రోజూ వాయించినా పోతుంది, అటక మీద దాచినా పోతుంది. ఎడమ బాక్సుది పోయినప్పుడు నాన్నగారే ఒక మెకానిక్ చేత రబ్బరు పట్టీ వేయించారు. ఆ మెకానిక్ ఇప్పుడు లేడు, ఆయన కొట్టు ఉన్నచోట బిర్యానీ సెంటర్ ఉంది. కుడిదాని సంగతి మేం పట్టించుకోలేదు. మొన్న దసరాకి జాలీ తీసి వేలు పెడితే, పాకం ముదిరిన అరిసెలా పట్టీ పొడిపొడిగా రాలింది. అప్పటికే కోను ఒక పక్కకి ఒరిగి, లోపల కాయిల్ రాసుకుని రాసుకుని తెగిపోయింది. మల్టీమీటర్ పెడితే ముల్లు కదల్లేదు. అంటే పట్టీ మారిస్తే సరిపోదు, ఊఫరే కావాలి.

చచ్చిన ఊఫరుని బట్టసంచిలో వేసుకుని మెట్రో ఎక్కాను. స్కానర్ దగ్గర సెక్యూరిటీ ఆయన తెర మీద ఆ గుండ్రటి నల్ల మాగ్నెట్‌ని చూసి, నన్ను చూసి, మళ్లీ తెరని చూశాడు. సంచి విప్పించాడు. "ఊఫరండీ, ఇలాంటిదే ఇంకోటి కొనాలి" అన్నాను. ఆయన దాన్ని ఒక నిమిషం తిప్పి తిప్పి చూశాడు. నిన్నంతా ఆ ఊఫరుని వెనక్కి తిప్పి చూసిన మనిషి ఆయనొక్కడే.

మొదటి కొట్టు కుర్రాడు వంకాయ పుచ్చో కాదో చూసినంత సేపు కూడా చూడలేదు. "సేమ్ టు సేమ్ ఉంది సార్" అని ఎర్ర కోను మీద పుర్రె బొమ్మ ఉన్నదాన్ని తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. "బాబూ, ఇది కారు సబ్ ఊఫరు కదా" అన్నాను. "కారులో కొట్టేది ఇంట్లో కొట్టదా సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రెండో కొట్టులో 1000 వాట్స్ అని బంగారు అక్షరాలు. మా ఆంప్లిఫయర్ ఇచ్చేది 20 వాట్లు. (వాట్లని ఉన్నదానికి ఎన్నో రెట్లు పెంచి చెప్పే పీఎంపీవో అనే మహానుభావుడు మీకు మేనమామే అయ్యుంటాడు. టూ ఇన్ వన్‌ల కాలంలో ఆయన చేసిన అప్పులు ఇంకా తీరలేదు.)

మూడో కొట్టులో ఒక పెద్దాయన. కళ్లద్దాలు ముక్కు మీదకి జార్చి, "ఎన్ని ఓమ్స్ది సార్?" అన్నాడు. ఓమ్ అంటే ఊఫరు కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత. నాకు కళ్లు చెమర్చాయి. పొద్దున్నుంచి నన్ను ప్రశ్న అడిగిన మొదటి మనిషి. ఆ సంతోషంలో నోరు జారి, "ఎనిమిది. దీని ఎఫ్ఎస్ ఎంత, వాస్ ఎంత?" అని అడిగేశాను.

"వాస్తుకా సార్? ఈశాన్యంలో బరువు పెట్టకండి, అంతే."

ఆయన తప్పు కాదు. తప్పు మీది. ఆ అంకెలు అవసరం లేదని ఇన్నేళ్లుగా ఆయనకి చెప్పింది మీరు. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చినప్పుడే తేలిపోయిన విషయం ఇది. మూత బాక్సులో గాలే స్ప్రింగు. ఊఫరు కోనుని వదులుగా వేలాడదీస్తే, లోపలి గాలి దాన్ని వెనక్కి నెడుతుంది, చిన్న బాక్సులోంచి పెద్ద బేస్ వస్తుంది. అంటే ఊఫరు సగమే, మిగతా సగం బాక్సు. ఏ ఊఫరుకి ఎంత బాక్సు కావాలో లెక్క కట్టడానికి ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆయన వెనకే 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ కుస్తీపట్టి దారి వేశారు. కోను తనంతట తాను ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగుతుంది (నేనడిగిన ఎఫ్ఎస్ ఇదే), ఎంత తొందరగా ఆగుతుంది, ఎన్ని లీటర్ల గాలితో సమానమైన బిగువు ఉంది (వాస్ ఇదే), ఈ మూడూ చాలు. అరవై ఏళ్లుగా ఉన్న లెక్కని మీరు మూడు మాటలతో చెరిపేసి, 'సైజు ఎంత?' అన్న ఒక్క ప్రశ్న మిగిల్చారు.

పోనీ, ఆ సైజయినా నిలబడుతుందా? ఎనిమిదంగుళాలు దేన్ని? చెప్పండి. ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరకా? బాక్సుకి కోసిన కంతా? స్క్రూల మధ్య దూరమా? ఎనిమిదంగుళాల ఊఫరులో నిజంగా గాలిని తోసే కోను ఇంచుమించు ఆరున్నర అంగుళాలే. మా పాతదానికి నాలుగు స్క్రూలు, మీరిప్పించిన దానికి ఎనిమిది, ఒక్కటీ పాత కంతల మీద పడదు. టేపు పెట్టి చూపిస్తే పెద్దాయన, "రెండు మూడు ఎమ్మెమ్ ఎక్కువుంటది సార్, జర గీకితే కూర్చుంటది. బే ఫికర్ తీస్కపోండి. సేమ్ టు సేమ్" అన్నాడు. ఆయన నోట కూడా మీరే.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఆ గల్లీ దాటి అవతలికి వెళ్తే సుల్తాన్ బజార్. పోయిన నెల అక్కడే ఒక మ్యాచింగ్ సెంటర్‌లో మా ఆవిడ చీర ఫాల్ కొంది. చీర ధర సంగతి తర్వాత, ఫాల్ నలభై రూపాయలు. ఆ నలభై రూపాయల కోసం కొట్టువాడు ఏడు రంగుల కట్టలు దించాడు, ట్యూబ్ లైటు కింద వద్దని చీరని రోడ్డు మీద ఎండలోకి తెచ్చి పట్టుకున్నాడు, "మేడమ్, ఇది ఒక పిసరు ముదురు, మీకు ఇవ్వను" అని తానే వెనక్కి పెట్టాడు. నాకప్పుడు విసుగొచ్చింది. నిన్న ఆ రోడ్డు దాటుతూ ఆ కొట్టు ముందు చెప్పులు విడిచి దణ్ణం పెట్టాలనిపించింది. ఆ కొట్టులోకి మీకు ప్రవేశం లేదు. ఎందుకంటే కొనేవాళ్లు ఒప్పుకోరు.

ఒక్కటి అమ్మరట. జత 1,800. కొన్నాను.

ఇంటికొచ్చేసరికి తాళాలు కనపడలేదు. జేబులు, సంచి అన్నీ వెతికితే చివరికి కొత్త ఊఫరు మాగ్నెట్‌కి అతుక్కుని ఉన్నాయి. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది, ఇది ఇంట్లోకి రానివ్వదని. మేనల్లుడు వచ్చి, "మామయ్యా, ఈ తిప్పలేంటి, అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ బేస్ అదిరిపోతుంది" అన్నాడు. ఏది అదురుతోందో వాడికీ తెలియదు. సరే, వాడి వయసు అది.

రాత్రి ఆకురాయి తీసుకుని కూర్చున్నాను. ముప్ఫై ఏళ్లు నాన్నగారు మమ్మల్ని చెయ్యి ఆనించనివ్వని బాక్సు. ఆదివారం ఆదివారం కొబ్బరినూనె చుక్కతో తుడిచేవారు. దాని కంత అంచుని నా చేత్తో నేనే చుట్టూ గీకాను. పొట్టు పసుపురంగులో ఒళ్లో పడింది. కొత్త కంతలు వేశాను. బిగించాను. ఘంటసాల పద్యం పెట్టాను.

ఎడమ బాక్సులో ఆయన ఎదురుగా నిలబడి పాడుతున్నారు. కుడి బాక్సులో పక్కింటి బాత్రూములో ఎవరో పాడుతున్నారు. గొంతు బరువు ఉంది, మాట లేదు. పద్యంలో ఒత్తులన్నీ రాలిపోయాయి. వైరు తిరగేశానేమో అని పెన్సిల్ సెల్ పెట్టి చూశాను, కోను ముందుకే వచ్చింది, సరిగ్గానే ఉంది. ట్వీటరు మీద చెవి పెట్టాను, మోగుతోంది. అరగంటలో ఆంప్లిఫయర్ వీపు మీద అట్టు పోసుకునేంత వేడి. అప్పుడు మల్టీమీటర్ పెట్టాను. 3.4.

ఎనిమిది ఓముల ఊఫరు మీటరుకి అయిదున్నర, ఆరు దాకా చూపించాలి. 3.4 అంటే అది నాలుగు ఓములది. వెనక స్టిక్కర్ మీద మాత్రం లక్షణంగా 8 అనే ఉంది. గోటితో అంచు లేపాను. కింద ఇంకో స్టిక్కర్. దాని మీద 4.

ఇక ఈ గార్లూ సముఖాలూ చాలు. ఒరే సేమ్ టు సేమ్, నీకు నాలుక్కీ ఎనిమిదికీ తేడా తెలియక కాదు. తెలిసే అతికించావు. తెలియనివాడికి రెండో స్టిక్కర్ అక్కర్లేదు కదరా! ఆ బాక్సులో ఊఫరుకి ముందు, పై స్వరాలు ఊఫరులోకి పోకుండా ఆపే అర మిల్లీ హెన్రీ కాయిల్ వేరే ఒకటుంది. ఎనిమిది ఓముల ఊఫరు తగిలితే అది దాదాపు 2,500 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తుంది, అక్కడి నుంచి ట్వీటరు అందుకుంటుంది. నాలుగు ఓములది తగిలిస్తే ఆ గీత సగానికి, 1,250కి జారిపోతుంది. ట్వీటరు మాత్రం పాత చోటే కూర్చుని ఉంటుంది. మధ్యలో ఎవరూ లేని ఖాళీ. సరిగ్గా ఆ ఖాళీలోనే మనిషి మాట స్పష్టంగా వినపడాల్సింది. ఘంటసాల ఒత్తులు అక్కడ పడి చచ్చాయి. నువ్వు అమ్మింది ఊఫరు కాదు, పద్యానికి గొయ్యి. ఆ గొయ్యి కోసం నేను మా నాన్న బాక్సుని గీకాను. గీకినదాన్ని మళ్లీ ఏ రాయితో పూడ్చను?

పొద్దున్న ఫోన్ చేశాను. "నాలుగైనా ఎనిమిదైనా సౌండైతే వస్తుంది కదా సార్. ఫిట్ చేసినాక రిటర్న్ ఉండదు" అన్నాడు పెద్దాయన. మర్యాదగానే అన్నాడు. "మీ పాతది పారెయ్యకండి సార్, కాయిల్ చుట్టేటోడు ఒకడు మంగళవారం వస్తడు, అడుగుత" అని కూడా అన్నాడు. ఈ మాట కౌంటర్ దగ్గర ఎందుకు అనలేదయ్యా అంటే, "మీరు కొందామని వచ్చిన్రు కదా" అన్నాడు. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మంగళవారం సెలవు పెట్టాను.

ఇందాక అమ్మ పూజ ముగించుకుని హాల్లోకి వచ్చింది. చెవి కాస్త మందం. రాత్రి ఆపేసిన పద్యమే మళ్లీ పెట్టి ఉంచాను. వచ్చి తన కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని చివరిదాకా వింది. "బాగు చేసేశావన్నమాట. మీ నాన్నగారు ఉన్నప్పుడు ఉన్నట్టే ఉందిరా. అచ్చం" అంది.

అమ్మ కుర్చీ ఎడమ బాక్సు పక్కనే ఉంటుంది. కుడిదాని వైరు రాత్రే పీకేశాను.

ఇట్లు,
1,800 రూపాయల రసీదు కూడా దొరకని మీ పాత కస్టమరు

తా.క. జతలో వాడని రెండో ఊఫరుని అమ్మకానికి పెట్టాను. ఒక కుర్రాడు, "అన్నా, మా నాన్నవి పాత స్పీకర్లు, ఎనిమిదంగుళాలే, దానికి సరిపోతుందా?" అని మెసేజ్ పెట్టాడు. రెండు గంటలైంది. ఇంకా జవాబు రాయలేదు.