108లో ఉద్యోగుల చదువు

తాగి పడిపోయాడనుకుని జనం పక్కకు తప్పుకుపోతుంటారు. 108లో వచ్చిన టెక్నీషియన్ మాత్రం ఆ మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తాడు. నలభై దగ్గర కనిపిస్తే అది మందు మత్తు కాదు, షుగర్ పడిపోవడం. వెంటనే గ్లూకోజ్ ఎక్కించాలి. సలహాకు డాక్టరు ఫోన్లో ఉన్నా పని చేయాల్సింది ఇతనే. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో బండి కుదుపుల మధ్య నరం దొరకబుచ్చుకోవడం అలవాటు మీద వస్తుంది. ఏది ఎందుకు ఇస్తున్నామో తెలియాలంటే మాత్రం చదువు కావాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న 108 మొదలైంది. బీఎస్సీ, నర్సింగ్ వంటి చదువులున్న యువత కొద్దిపాటి శిక్షణతో బండెక్కి, మిగతాది రోడ్డు మీదే నేర్చుకున్నారు. 2020 జులై 1న విజయవాడలో 108, 104 కొత్త వాహనాలు 1,088 ఒకేసారి బారులు తీరాయి. వాటి గురించి జరిగినంత చర్చ, లోపల కూర్చునేవారి చదువు గురించి జరగలేదు.

2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఇలాంటి టెక్నీషియన్లకు కనీసం 2,000 గంటల చదువు ఉండాలంటోంది. బ్రిటన్‌లో అదే ఏడాది నుంచి కొత్తగా పారామెడిక్ (అంబులెన్సులో చికిత్స చేసేవారు) కావాలంటే డిగ్రీ స్థాయి చదువు తప్పనిసరి. మంచిదే. అయితే ఏళ్ల తరబడి ప్రాణాలు కాపాడినవాళ్లను కాగితం లేదని పక్కన పెడితే అంతకన్నా అన్యాయం లేదు. అసలు భయం ప్రైవేటు అంబులెన్సులతో. సైరన్, స్ట్రెచర్, సిలిండర్ ఉంటే చాలు, బండి సిద్ధం. చాలాసార్లు వెనక కూర్చునేది రోగి బంధువులే.

ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది. 2022లో దాని పేరు మార్చి, 2024లో మళ్లీ వెనక్కి తెచ్చారు. ఆ చొరవలో సగం చూపినా సర్వీసులో ఉన్నవారికి బ్రిడ్జి కోర్సు, అంటే ఉన్న చదువుకూ కావాల్సిన అర్హతకూ మధ్య లోటు పూడ్చే కోర్సు, వచ్చేస్తుంది. అనుభవాన్ని క్రెడిట్లుగా లెక్కించాలి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల క్యాజువాలిటీలో విడతలవారీగా డ్యూటీ వేయాలి. పన్నెండు గంటలు బండి మీద తిరిగినవాళ్లను సెలవు రోజు క్లాసుకు రమ్మంటే ఎవరూ రారు. ఆ రోజులకూ జీతం ఇవ్వాలి. కోర్సు పూర్తి చేసినవారికి జీతం పెంచుతామని ముందే జీవో ఇవ్వాలని కోరుతున్నాం.